ఊరు నమ్మేది మీ పేరునే

కోనసీమలో స్థలాల బేరాలు చేస్తూ, చేతిలో నాలుగు డబ్బులు ఆడితే తామూ ఓ ముక్క కొని పెట్టుకునే ఏజెంట్లు ఊరూరా ఉన్నారు. స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) కింద ఏజెంటుగా నంబరు వచ్చాక ఏ కంపెనీలో చేరాలన్నది వాళ్ల ముందున్న ప్రశ్న. కమీషన్ శాతం ఒక్కటే చూస్తే దీనికి జవాబు దొరకదు.

“రెరా నంబరు వచ్చిందటగా అండీ మీకు! మా కంపెనీలోకి వచ్చేయండి. గజానికి ఇంతని కమీషన్ ఇస్తాం. మీ కింద పదిమందిని చేర్పిస్తే వాళ్ల అమ్మకాల మీదా మీకు వాటా. ముందు మీరో ప్లాటు తీసుకోండి, మీరే కొన్నారంటే కస్టమర్లకి ధైర్యం.”

అమలాపురం, కొత్తపేట, రాజోలు వైపు స్థలాల బేరాలు చేసేవాళ్లకి ఇలాంటి ఫోన్లు అలవాటే. రాజమండ్రి నుంచో విశాఖ నుంచో హైదరాబాద్ నుంచో వచ్చే ఆ గొంతులో మర్యాదకి లోటుండదు. వినగానే మనసు లాగుతుంది కూడా. కానీ ఆ పిలుపులో మూడు వేరు వేరు సంగతులు ఒకే ముద్దగా కలిసిపోయి ఉన్నాయి. ఏజెంటుగా పనిచేయడం ఒకటి. కింద మనుషుల్ని చేర్చడం ఇంకొకటి. సొంత డబ్బుతో స్థలం కొనడం మరొకటి. ఈ మూడింటినీ విడదీసి మాట్లాడని కంపెనీలో ఏ ఏజెంటూ చేరకూడదని నా గట్టి అభిప్రాయం. ఎందుకో తెలియాలంటే ముందు ఈ నేల సంగతి చూడాలి.

గౌతమి, వైనతేయ, వసిష్ఠ అనే గోదావరి పాయలు. కింద బంగాళాఖాతం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీరు ఈ మట్టిని మార్చేసింది. గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయని దాటి అవతలి గట్టుకీ నీరు చేరింది. వరి, కొబ్బరి, అరటి, పోక. ఇలాంటి చోట తోట అమ్మకం పైకి చెప్పుకునే విషయం కాదు. ఆడపిల్లకి పసుపు కుంకుమల కింద నోటిమాటగా ఇచ్చిన అరెకరం ఉంటుంది. అన్నదమ్ములు కాగితం లేకుండా గట్టు వేసుకుని పంచుకున్న చేను ఉంటుంది. అందుకే అమ్మాలనుకున్నవాళ్లు బోర్డు పెట్టరు. తెలిసిన మనిషిని సాయంత్రం ఇంటికి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, నెమ్మదిగా చెబుతారు. ఆ తెలిసిన మనిషే మధ్యవర్తి. ఆయన సరుకు ఆయన మీద ఉన్న నమ్మకమే.

ఇప్పుడు ఆ బేరాలు ఎక్కువయ్యాయి. సాగు గిట్టుబాటు కాక రైతులు 2011లో పంట విరామం ప్రకటించిన సీమ ఇది. దింపు కార్మికులు దొరకడం కష్టమైంది, కొబ్బరి ధర ఏ ఏడు ఎలా ఉంటుందో అంబాజీపేట మార్కెట్టే చెప్పాలి. చేలు చేపల, రొయ్యల చెరువులయ్యాయి. పిల్లలు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో స్థిరపడ్డారు. కువైట్, మస్కట్, దుబాయ్ డబ్బు ఊళ్లో స్థలంగా మారాలని చూస్తుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడి అమలాపురం జిల్లా కేంద్రమయ్యాక ఊరి చుట్టూ ప్లాట్ల మాట పెరిగింది. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం అయితే మరీను. 2000–01 రైల్వే బడ్జెట్‌లో మంజూరైన ఆ మార్గం పేరు చెప్పి పాతికేళ్లుగా ఇక్కడ భూములు అమ్ముతూనే ఉన్నారు.

ఇంత కదలిక ఉన్న చోట, ముందుగా కబురు తెలిసే మనిషి తానే కొనాలనుకోవడం సహజం. అందులో తప్పు లేదు. పదేళ్లుగా ఊరి భూముల్ని గజం గజం ఎరిగినవాడు కొనకపోతే ఎవరు కొంటారు? చిక్కు ఎప్పుడొస్తుందంటే, కొనేవాడూ అమ్మిపెట్టేవాడూ ఒకే మనిషైనప్పుడు.

బయానా ఇచ్చి, గడువులోగా అమ్మి

లెక్క కోసం ఒక ఉదాహరణ అనుకుందాం. యాభై సెంట్ల తోట. సెంటు లక్ష చొప్పున అమ్మిపెట్టమని యజమాని ఏజెంటుకి చెప్పారు. మొత్తం 50 లక్షలు. రెండు శాతం కమీషన్ అనుకుంటే ఏజెంటుకి వచ్చేది లక్ష రూపాయలు. అదే ఏజెంటు బావమరిది పేరున అగ్రిమెంటు రాయించి, రెండు మూడు లక్షలు బయానా ఇచ్చి, ఆరు నెలల గడువు పెట్టించుకున్నాడు. గడువులోగా సెంటు లక్షా ముప్ఫై వేలకి ఇంకో మనిషిని తెచ్చాడు. రిజిస్ట్రేషన్ నేరుగా ఆ మూడో మనిషికే జరిగింది. తేడా 15 లక్షలు. యజమానికి ఆ సంగతి తెలిసేది రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీదే, అదీ తెలిస్తే. పైగా ఆయన దగ్గర కమీషన్ కూడా తీసుకునే ఉంటాడు.

లక్షకీ పదిహేను లక్షలకీ మధ్య ఉన్న ఆ దూరమే మన చర్చంతా. గోదావరి జిల్లాల్లో ఇది చాలామంది తెలివిగా చెప్పుకునే పద్ధతి. “బయానా ఇచ్చాను, రిస్కు నాది, లాభం నాది” అంటారు. తన డబ్బుతో, తను కొనుగోలుదారునని ముందే చెప్పి చేస్తే ఆ మాట నిజమే. యజమాని తరఫున మాట్లాడుతూనే చాటుగా చేస్తే అది వ్యాపారం కాదు, నమ్మకద్రోహం. ఈ మాట నేను నీతి చెప్పడానికి అనడం లేదు. చట్టమే అలా చెబుతోంది, అదీ నూటయాభై ఏళ్ల కిందటి నుంచి.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 215, 216 సెక్షన్లు ప్రతి ఏజెంటూ ఒక్కసారైనా చదవాలి. అందులోని ఉదాహరణలు చూస్తే ఎవరో మన ఊరి బేరాలు చూసి రాశారేమో అనిపిస్తుంది. భూమి అమ్మిపెట్టమని యజమాని ఏజెంటుకి అప్పగిస్తాడు. ఏజెంటు మూడో మనిషి పేరు మీద తనే కొనేస్తాడు. ముఖ్యమైన సంగతిని దురుద్దేశంతో దాచాడనిగానీ, ఆ వ్యవహారం వల్ల తనకి నష్టం జరిగిందనిగానీ యజమాని చూపగలిగితే ఆ అమ్మకాన్ని కాదనవచ్చు. ఇంకో ఉదాహరణలో అమ్మబోయే భూమిలో గని ఉందని ఏజెంటుకి తెలుస్తుంది. “నేనే కొనుక్కుంటాను” అని చెబుతాడు, గని సంగతి మాత్రం చెప్పడు. అప్పుడూ యజమాని అమ్మకాన్ని రద్దు చేయవచ్చు, ఇష్టమైతే కొనసాగించవచ్చు. 216వ సెక్షన్‌లో ఇల్లు కొనిపెట్టమని పంపిన ఏజెంటు “దొరకదండీ” అని చెప్పి తనే కొనేసుకుంటాడు. అతను కొన్న ధరకే ఆ ఇల్లు తనకి అమ్మమని అసలు మనిషి అడగవచ్చు.

ఆ గని ఉదాహరణ కోనసీమకి దూరపుదేమీ కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావిలో బ్లోఅవుట్ జరిగి రెండు నెలలకి పైగా మంట ఆరని నేల ఇది. డ్రిల్లింగ్ సైటుకి ఏ చేను కావాల్సి వస్తుందో, వంతెన అప్రోచ్ రోడ్డు ఎటు తిరుగుతుందో, రైలు సర్వే రాళ్లు ఎవరి తోటలో పాతారో ముందుగా తెలిసేది బేరాలు చేసే మనిషికే. తెలిసింది చెప్పి కొంటే అది పెట్టుబడి. దాచి కొంటే యజమాని కోర్టుకి వెళ్లగలిగిన వ్యవహారం.

బావమరిది పేరు వాడటంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. డబ్బు ఒకరిది, పేరు ఒకరిది అయితే 2016లో సవరించిన బినామీ చట్టం కిందకి వస్తుంది. నేరం రుజువైతే ఏడాది నుంచి ఏడేళ్ల వరకు కఠిన జైలు, ఆస్తి మార్కెట్ విలువలో పాతిక శాతం దాకా జరిమానా. బయానా నగదుగా ఇచ్చిపుచ్చుకోవడమూ అంతే. స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన మొత్తాన్ని నగదుగా తీసుకుంటే, తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయం తప్ప పన్ను పడే ఆదాయం లేనప్పుడే మినహాయింపు. కమీషన్ల మీద బతికే ఏజెంటుకి ఆ మినహాయింపు దొరకడం కష్టం.

కంపెనీ ఎంపికలో మొదటి ప్రశ్న ఇక్కడే పుడుతుంది. “మీ ఏజెంటు తన కోసం స్థలం కొనుక్కోవచ్చా? కొంటే ఎవరికి చెప్పాలి, ఏ కాగితం మీద చెప్పాలి?” ఈ ప్రశ్న అడగ్గానే “అదంతా మీ ఇష్టమండీ, మేం పట్టించుకోం” అంటే చాలామంది సంతోషిస్తారు. నేనైతే అక్కడే లేచి వచ్చేయమంటాను. రేపు యజమాని నిలదీసినప్పుడు కూడా ఆ కంపెనీ ఇదే మాట అంటుంది, “మేం పట్టించుకోం” అని.

మంచి కంపెనీ ఏం రాయించుకోవాలి? ఏజెంటు కొంటున్నాడని యజమానికి ముందే రాతపూర్వకంగా చెప్పాలి. ఆ బేరంలో యజమాని దగ్గర కమీషన్ తీసుకోకూడదు. ఇంకొకరి చేత రేటు చెప్పించుకునే వ్యవధి ఆయనకివ్వాలి. ఊళ్లో మాటల్లో చెప్పాలంటే ఇంతే:

“బాబాయ్ గారండీ, ఈ తోట నేనే తీసుకుందామనుకుంటున్నానండి. మీ దగ్గర కమీషన్ తీసుకోనండి. ఇంకో ఇద్దరిని అడిగి రేటు తెలుసుకునే నాకివ్వండి.”

“ఆయ్, అలా చెప్పావు, బాగుంది అబ్బాయ్. వారం ఆగు, పెద్దోడితో ఫోన్లో మాట్లాడి చెబుతాను.”

ఆ వారంలో బేరం పోవచ్చు. పోయినా ఆ ఇంటివాళ్లు తర్వాత ఇంకో ఎకరం అమ్మాల్సి వస్తే కబురు ఈ అబ్బాయికే వెళుతుంది.

పన్నెండు సెంట్ల గీత

రెరా నంబరు వచ్చిందంటే సగం పని అయిపోయినట్టే అనుకుంటున్నారు చాలామంది. ఆ నంబరు ఎంతవరకు పనికొస్తుందో తెలియాలి. రెరా, అంటే 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం, పూర్తిగా అమల్లోకి వచ్చింది 2017 మే 1న. మన రాష్ట్ర నియమాలు కూడా ఆ ఏడాదివే. ఈ చట్టం 9వ సెక్షన్ ప్రకారం నమోదైన ప్రాజెక్టుల్లో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు రిజిస్టర్ చేయించుకోవాలి. తాను చేయించిన ప్రతి అమ్మకంలోనూ తన నంబరు వేయాలి. 10వ సెక్షన్ ప్రకారం నమోదు కాని ప్రాజెక్టులో అమ్మకానికి సాయపడకూడదు, లెక్కలూ రికార్డులూ ఉంచాలి, అబద్ధపు ప్రచారం చేయకూడదు, కొనేవాళ్లకి అందాల్సిన కాగితాలన్నీ బుకింగ్ సమయంలోనే అందేలా చూడాలి. తప్పితే రోజుకి 10 వేల రూపాయల జరిమానా, అది పెరుగుతూ ఆ ప్లాటు ఖరీదులో 5 శాతం దాకా వెళ్లవచ్చు.

నిర్వచనం కూడా విశాలమైనదే. కొనేవాళ్లనీ అమ్మేవాళ్లనీ ఏ మార్గంలోనైనా పరిచయం చేసి డబ్బు తీసుకునే మనిషి ఏజెంటే. కాబట్టి “మా కంపెనీకి నంబరుంది, మీరు ఊరికే పార్టీని తీసుకొస్తే చాలు” అనే మాటని నమ్మి ఎవరినీ బస్సు ఎక్కించకండి. పార్టీని తెచ్చి కమీషన్ తీసుకున్నవాడిని చట్టం పక్కన పెట్టదు.

లేఔటుకి నమోదు నుంచి మినహాయింపు 500 చదరపు మీటర్ల లోపు స్థలానికే. మన కొలతలో అది పన్నెండు సెంట్ల పైచిలుకు. కోనసీమలో రంగుజెండాలు పాతిన ఏ లేఔటు అంత చిన్నది? నాలుగెకరాల తోట నరికి రోడ్డు వేసి, పంచాయతీ వాళ్లకి చెప్పాం అంటున్నారంటే అది నమోదు కావాల్సిన ప్రాజెక్టే. నమోదు లేకుండా దాన్ని అమ్మిపెట్టిన ఏజెంటు నంబరు ప్రమాదంలో పడుతుంది. డెవలపర్ ఇంకో పేరుతో ఇంకో ఊళ్లో మళ్లీ మొదలుపెట్టగలడు. ఏజెంటు ఇల్లు మాత్రం ఇక్కడే.

ఇక రెరా తాకని చోటు. తోటని తోటగానే, చేనుని చేనుగానే అమ్మే బేరం ఈ చట్టం పరిధిలోకి రాదు. కోనసీమలో ఏజెంటు చేసే బేరాల్లో ఇవి ఎన్ని ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. అక్కడ అతని మీద ఉన్న కట్టుబాటు ఆ 1872 చట్టం, ఊరి మాట, తన మనస్సాక్షి. రెరా నంబరు చూపించి తోట బేరంలో నమ్మకం సంపాదించడం సరైన పని కాదు. మంచి కంపెనీ అయితే వ్యవసాయ భూమి బేరాలకి కూడా అవే రికార్డులు రాయమంటుంది: ఈసీ, లింకు డాక్యుమెంట్లు, 1–బి, అడంగల్, 22–ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందో లేదో, దేవాలయ భూమా, అసైన్డ్ భూమా, ఇంటి ఆడపిల్లల సంతకాలు ఉన్నాయా అనేవన్నీ. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి కొడుకులతో సమానంగా హక్కిస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు నుంచే ఈ రాష్ట్రంలో అమల్లో ఉంది. అయినా అక్కచెల్లెళ్ల సంతకం లేని అగ్రిమెంట్లు ఇవాళ్టికీ కనిపిస్తాయి.

లంక భూములైతే వరద సంగతి కూడా రాయించుకోవాలి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు. 2022 జూలైలో 25 లక్షలు దాటింది, లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ నీటి మట్టం ఎక్కడిదాకా వచ్చిందో బయటి ఊరి కొనుగోలుదారుకి తెలియదు. ఏజెంటుకి తెలుసు. చెప్పాలి.

అగ్రిగోల్డ్ నేర్పింది

కంపెనీ ఎంపిక ఏజెంటు బతుకుని ఎలా తలకిందులు చేస్తుందో చెప్పడానికి తెలుగునేల మీద అగ్రిగోల్డ్‌ని మించిన ఉదాహరణ లేదు. 1995లో విజయవాడ కేంద్రంగా మొదలైన ఆ సంస్థ, ప్లాట్లు ఇస్తామనీ లేదంటే గడువు తీరాక ఎక్కువ మొత్తం తిరిగిస్తామనీ చెప్పి పలు రాష్ట్రాల్లో డబ్బు వసూలు చేసింది. దాదాపు 32 లక్షల ఖాతాలు, 6,380 కోట్ల రూపాయలని దర్యాప్తు సంస్థల లెక్క. 2014–15 నాటికి చెల్లింపులు ఆగిపోయాయి. 2016 ఫిబ్రవరిలో చైర్మన్ అరెస్టయ్యారు. రాష్ట్ర ప్రభుత్వం 2019 నవంబరులో 10 వేల లోపు, 2021 ఆగస్టులో 20 వేల లోపు డిపాజిటర్లకి కొంత చెల్లించింది. 2025లో ఈడీ తాను జప్తు చేసిన వేల కోట్ల ఆస్తులని బాధితుల కోసం ఏపీ సీఐడీకి అప్పగించింది. మొదటి చెల్లింపు ఆగిన రోజు నుంచి లెక్కేస్తే పదేళ్లు.

ఆ డబ్బు వసూలు చేసింది వేలాది మంది ఏజెంట్లు. ఎక్కువమంది మన పక్కింటివాళ్లే. టైలర్లు, చిన్న రైతులు, డ్వాక్రా మహిళలు, ట్యూషన్ మాస్టార్లు. వాళ్లలో చాలామంది తమ సొంత డబ్బు కూడా అందులోనే పెట్టారు. నమ్మారు కాబట్టే పెట్టారు, పెట్టారు కాబట్టే ఊరు వాళ్లని నమ్మింది. కంపెనీ మూతపడ్డాక విజయవాడ ఆఫీసుకి ఎవరు వెళతారు? పెద్దమ్మ కూతురు, చాకలి తాత, గుడి పూజారి, అందరూ ఏజెంటు ఇంటి అరుగు మీదకే వచ్చారు. “కంపెనీ ఎవరో మాకు తెలియదమ్మా, నిన్ను చూసి ఇచ్చాం” అన్నారు. ఆ మాటకి జవాబు చెప్పలేక ఇళ్లు అమ్ముకున్నవాళ్లు, ఊళ్లు విడిచినవాళ్లు ఉన్నారు. దీన్ని తలచుకోకుండా “ముందు మీరో ప్లాటు తీసుకోండి” అన్న పిలుపుకి తల ఊపడం నాకు మింగుడుపడదు. సొంత కొనుగోలుని అమ్మకానికి ఎరగా వాడమని అడిగే ఏ సంస్థ అయినా ఏజెంటు పేరునే సరుకుగా అమ్ముతోందని అర్థం.

ప్రీ లాంచ్‌ల కథ కూడా దీనికి దగ్గరదే. అనుమతులు రాకముందే మొత్తం డబ్బు కడితే తక్కువ రేటుకి ఇస్తామని హైదరాబాద్ శివార్లలో వసూళ్లు జరిగాయి. 2022 డిసెంబరులో సాహితీ ఇన్‌ఫ్రాటెక్ ఎండీ అరెస్టు దాకా వెళ్లిన వ్యవహారం అదే ఆరోపణ మీద. రెరా చట్టం 13వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా డెవలపర్ ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఏజెంటు ఈ ఒక్క సెక్షన్ గుర్తుంచుకున్నా ఎంతోమంది డబ్బు నిలుస్తుంది. ప్లాటు అమ్మి, నెలనెలా అద్దెలాగా ఇస్తామనో మూడేళ్లకి రెట్టింపు చేసి తిరిగి కొంటామనో చెబితే అది స్థలం బేరం కాదు, డిపాజిట్ పథకం. 2019లో వచ్చిన అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం అలాంటి పథకాల్లో చేరమని ప్రోత్సహించేవాళ్లని కూడా వదలదు.

టెక్సాస్‌లో మనవాళ్లు

అమెరికాలో ఈ ప్రశ్న ఇంకో రూపంలో ఎదురవుతుంది. డాలస్ శివార్లలో ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు స్థిరపడిన తెలుగువాళ్లలో సాఫ్ట్‌వేర్ పనితో పాటు ఇళ్ల ఏజెంటు లైసెన్సు తీసుకుని, అద్దె ఇళ్లు కొనుక్కునేవాళ్లున్నారు. టెక్సాస్‌లో ఆ లైసెన్సుకి 180 గంటల చదువు, పరీక్ష కావాలి. లైసెన్సు వచ్చినా ఒంటరిగా పనిచేయడానికి వీల్లేదు. ఎవరో ఒక బ్రోకరు కింద చేరాలి, కమీషన్ ఆ బ్రోకరు ద్వారానే రావాలి, ఏజెంటు చేసిన పనులకి బ్రోకరే జవాబుదారీ. తన కోసం ఇల్లు కొంటున్నా అమ్ముతున్నా, తాను లైసెన్సు ఉన్న ఏజెంటునని అవతలివాళ్లకి రాతపూర్వకంగా చెప్పి తీరాలి.

అందువల్ల అక్కడ బ్రోకరేజీని ఎంచుకునేటప్పుడు ఏజెంట్లు అడిగే ప్రశ్నలు సూటిగా ఉంటాయి. కమీషన్‌లో మీ వాటా ఎంత? ఏడాదికి ఇంత కట్టాక ఇక తీసుకోరా? నేను నా కోసం కొన్న ఇంటి మీద కూడా వాటా తీసుకుంటారా? పొరపాటు జరిగి కేసు పడితే బీమా ఎవరిది? నేను మానేస్తే నడుస్తున్న బేరాల డబ్బు నాకొస్తుందా?

ఇక్కడ బ్రోకరు కింద చేరితీరాలన్న నియమం లేదు. రెరా నంబరు సొంతంగా తీసుకోవచ్చు. మన రాష్ట్రంలో పరీక్ష కూడా లేదు. మహారాష్ట్ర మాత్రం 2023 నుంచి ఏజెంట్లకి శిక్షణ, పరీక్ష పెట్టింది. మనకీ అలాంటిది రావాలని నేను గట్టిగా కోరుకుంటాను. పరీక్ష లేని చోట కుర్రవాడికి పని నేర్పేది అతను చేరిన కంపెనీయే. మొదటి రెండేళ్లు ఎవరి దగ్గర చేరితే వాళ్ల అలవాట్లే అతనికి పట్టుకుంటాయి. ఈసీ ఎలా చదవాలో నేర్పే చోట చేరినవాడు ఒకలా తయారవుతాడు, ఫంక్షన్ హాల్లో పాటలు పెట్టి బ్యాంకాక్ టూరు గురించి మాట్లాడే చోట చేరినవాడు ఇంకోలా.

టెక్సాస్ ప్రశ్నలు ఇక్కడా అడగవచ్చు, కొంచెం మార్చుకుని. కమీషన్ ఏ రోజు ఇస్తారు, బుకింగ్ రోజా, రిజిస్ట్రేషన్ అయ్యాకా? బ్యాంకులో వేసి, టీడీఎస్ పట్టుకుని రసీదు ఇస్తారా? ఏడాదికి కమీషన్ 20 లక్షలు దాటితే జీఎస్టీ సంగతి ఎవరు చూస్తారు? కస్టమరు డబ్బు ఎప్పుడూ ప్రాజెక్టు ఖాతాకే వెళుతుందా, లేక మధ్యలో “టీమ్ లీడర్” ఫోన్‌పే ఉంటుందా? కస్టమరు వెనక్కి తగ్గితే డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు? నగదుగా ఇస్తామనే కమీషన్ ఎంత పెద్దదైనా సరే వద్దనడమే మేలు. లెక్కలో లేని ఆదాయంతో రేపు బ్యాంకు లోను రాదు, కొన్న స్థలానికి డబ్బు ఎక్కడిదంటే చూపించుకోవడానికీ ఉండదు. పెట్టుబడి పెట్టాలనుకునే ఏజెంటుకి తెల్లటి ఆదాయం ఎంత ముఖ్యమో చాలామందికి ఆలస్యంగా తెలుస్తోంది.

గల్ఫ్ డబ్బు, కొబ్బరి తోట

కోనసీమకే ప్రత్యేకమైన ఒక సంగతి ఉంది, దీని మీద కంపెనీ ఏమంటుందో తప్పకుండా వినాలి. విదేశీ మారక నిర్వహణ చట్టం కింద ప్రవాస భారతీయులు ఇళ్లు, ఇళ్ల స్థలాలు, దుకాణాలు కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఎన్నారై అంటే డాలస్ ఇంజనీరే గుర్తొస్తాడు. కువైట్‌లో ఇంటి పనికి వెళ్లిన రాజోలు అక్క కూడా ఆ చట్టం దృష్టిలో ప్రవాసే. ఉల్లంఘిస్తే జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా ఉండవచ్చు.

ఆ అక్క పదేళ్లు ఎండలో, పరాయి వంటింట్లో కష్టపడి పంపిన డబ్బుతో “ఫామ్ ప్లాట్” అంటూ ముక్కలు చేసిన కొబ్బరి తోటలో భాగం అమ్మేస్తున్నారు. భూ వినియోగ మార్పిడి ఉండదు, లేఔటు అనుమతి ఉండదు, రెరా నంబరు ఉండదు, దారి హక్కు కాగితంలో ఉండదు. ఏజెంటుకి వచ్చే కమీషన్ మాత్రం మామూలు ప్లాటు కన్నా ఎక్కువ. ఎందుకు ఎక్కువో ఆలోచించాలి. నిజమైన ప్లాటు తనంతట తాను అమ్ముడుపోతుంది, దానికి పెద్ద కమీషన్ అక్కర్లేదు. ఒక స్థలం మీద కమీషన్ మిగతావాటి కన్నా రెట్టింపు ఉందంటే ఆ తేడాలో ఏదో లోపానికి ధర కట్టి ఉందనే అనుకోవాలి.

ఇవన్నీ చూశాక కొందరు ఏ కంపెనీ వద్దు, ఒంటరిగానే ఉంటాం అంటారు. అదీ మంచి మార్గమే, ముఖ్యంగా సొంత పెట్టుబడులు ఎక్కువగా చేసుకునేవాళ్లకి. సొంత నంబరు, సొంత రికార్డు పుస్తకం, నెలకో గంట సమయమిచ్చే లాయరు, నమ్మకమైన డాక్యుమెంట్ రైటరు ఉంటే అమలాపురంలో ఒక గది చాలు. ఒకటి రెండు నమోదైన ప్రాజెక్టులతో మాత్రం రాతపూర్వక ఒప్పందం పెట్టుకుని, మిగతా కాలం పాత ఇళ్లు, తోటల బేరాలు చూసుకోవచ్చు. కొత్తగా వచ్చినవాళ్లకి మాత్రం రెండు మూడేళ్లు మంచి సంస్థలో పని నేర్చుకున్నాకే ఈ దారి నప్పుతుంది. ముగ్గురు నలుగురు ఏజెంట్లు కలిసి భాగస్వామ్య సంస్థ పెట్టుకోవడం ఇంకా మేలని నా నమ్మకం. ఒకరు కొంటున్నప్పుడు ఆ బేరంలో యజమాని తరఫున ఇంకొకరు నిలబడితే రేటు మీద ఎవరికీ అనుమానం ఉండదు. దానికి కావాల్సింది ఆ నలుగురూ ముందే రాసుకున్న ఒక కాగితం.

కంపెనీ ఒప్పందం మీద సంతకం పెట్టబోతున్న ఏజెంటు మిత్రులకి ఒక విన్నపం. ముందుగా ఏపీ రెరా వెబ్‌సైట్‌లో ఆ కంపెనీ పేరు, అది అమ్మే ప్రతి ప్రాజెక్టు నంబరు వెతికి చూడండి. తర్వాత వాళ్లని మూడు మాటలు కాగితం మీద అడగండి: నేను సొంతానికి కొన్నప్పుడు యజమానికి చెప్పే పద్ధతి, నా కమీషన్ బ్యాంకులో పడే తేదీ, నేను ప్లాటు కొనకపోయినా, నా కింద ఎవరినీ చేర్చకపోయినా ఈ పని నాకుంటుందన్న హామీ. ఈ మూడూ రాసిచ్చే కంపెనీ ఒక శాతం తక్కువిచ్చినా చేరండి. నోటిమాటగా చెప్పి కాగితం ఇవ్వనంటే సంతకం పెట్టకండి.